తొంభై రెండు పేజీలు లావెక్కిన వైనం

ఆరేళ్ళు పరిశోధన చేస్తే నాకు వచ్చినవి మొత్తం తొంభై రెండు పేజీలు. అందులో రెండు పేజీలు కృతజ్ఞతలకే పోయాయి. గణితంలో ఇది తక్కువేమీ కాదని నేను ఎంత చెప్పినా, ఆ ప్రతిని చూసినవాళ్ళు ముందు అరచేతిలో పెట్టుకుని బరువు చూసేవాళ్ళు. చుట్టాలు తూచారంటే సరే, వాళ్ళకు లెక్కలు రావు. మా గైడు సార్ కూడా తూచేవారు. అక్కడే నాకు మండేది.

అప్పుడు నేను కోరుట్లలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. సార్ యూనివర్సిటీలో ప్రొఫెసరు. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా నడుస్తున్న రోజులవి. యూనివర్సిటీ తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువ కావడంతో ఆయన జగిత్యాలలోని సొంతింటికి వచ్చి ఉంటున్నారు. రిటైర్మెంటుకు పది నెలలుంది. ఆలోపు ఆయన సంతకం పడకపోతే నేను ఇంకో గైడును వెతుక్కోవాలి. ఆ వచ్చే గైడు నా అంశం నచ్చలేదంటే ఆరేళ్ళ పనీ అటకెక్కుతుంది. ఇంట్లో పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా ఈ పరిశోధనను అడ్డం పెట్టి తప్పించుకుంటూ వచ్చినదాన్ని. అది కూడా లేకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియని పరిస్థితి.

ఇంకో రహస్యం కూడా ఉంది. నాలుగో అధ్యాయంలో ఒక నిరూపణ నాకు సగంలో ఆగిపోయింది. ఆ సగం దగ్గర 'మిగిలినది సులభం' అని రాసి, ఏమీ ఎరగనట్టు ఐదో అధ్యాయంలోకి దాటేశాను. లెక్కల పుస్తకంలో ఆ మాట ఎవరు రాసినా అనుమానించాలి. నేను రాస్తే మరీనూ.

ఈ పేజీలన్నీ లేటెక్‌లో ఉండేవి. లేటెక్ అంటే లెక్కలవాళ్ళు తమను తాము శిక్షించుకోవడానికి ఎంచుకున్న టైపింగు పద్ధతి. మామూలు మనుషులు అక్షరం కొడితే తెర మీద అక్షరం కనిపిస్తుంది. ఇందులో ముందు అన్నీ ఆదేశాలుగా రాసుకోవాలి. ఇక్కడ అధ్యాయం మొదలు, ఇక్కడ సమీకరణం, ఇక్కడ ఫలానా సిద్ధాంతానికి నంబరు వేయాలి అని. రాసింది యంత్రానికి మేతగా వేస్తే అది నమిలి పేజీలు బయటపెడుతుంది. ఒక్కసారి నమిలితే చాలదు. మొదటిసారి ఏది ఎక్కడుందో ఒక పక్క ఫైలులో రాసుకుంటుంది. రెండోసారి ఆ ఫైలు చూసి నంబర్లు వేస్తుంది. మూడోసారికి గానీ విషయసూచిక కుదురుకోదు. తొందరపడి మొదటిసారికే ఆపామా, నంబరు ఉండాల్సిన ప్రతిచోటా రెండేసి ప్రశ్నార్థకాలు కూర్చుంటాయి. 'సిద్ధాంతం ?? ప్రకారం సిద్ధాంతం ?? నిజమని తేలుతుంది' అని నా పరిశోధన నిజస్వరూపం బయటపడుతుంది.

మా కరెంటుకు ఈ సంగతి ఎవరు చెప్పారో గానీ, సరిగ్గా రెండోసారి నములుతున్నప్పుడే పోయేది. పక్క ఫైలు సగం రాసి ఉండగానే కంప్యూటరు ఆరిపోయేది. కరెంటు వచ్చాక మళ్ళీ నడిపితే యంత్రం ఆ తెగిన ఫైలును చదివి, నా మూడో అధ్యాయంలో ఎక్కడో బ్రాకెట్ మూయలేదని తిట్టేది. ఆ బ్రాకెట్ కోసం పదకొండు రోజులు వెతికాను. మూసిన బ్రాకెట్లన్నీ తెరిచి మళ్ళీ మూశాను. క్లాసులో పిల్లలు బోర్డు మీద బ్రాకెట్ మూయడం మరిచిపోతే నేను అరిచిన అరుపుకు పక్క క్లాసు లెక్చరరు పరుగెత్తుకొచ్చాడు. చివరికి విసుగొచ్చి పక్క ఫైళ్ళన్నీ చెరిపేసి నడిపితే పేజీలు చక్కగా వచ్చేశాయి. తప్పు నాది కాదు. ఆరేళ్ళలో నాకు అంత సంతోషం కలిగించిన ఫలితం ఇంకొకటి లేదు.

అంతటితో ఆ గొడవ యంత్రానికే అప్పగించాలనుకున్నాను. నాలుగైదు వరుసల చిన్న ఫైలు ఒకటి రాశాను. పాత పక్క ఫైళ్ళను చెరుపు, మూడుసార్లు నమిలించు, మధ్యలో ఒకసారి ఆధారగ్రంథాల జాబితా కట్టు, ఎక్కడా తప్పు లేకపోతేనే పాత పేజీల స్థానంలో కొత్తవి పెట్టు. ఇక నేను చేయాల్సింది మౌసు రెండుసార్లు నొక్కడమే. అది పని చేసుకుంటుంటే నేను స్టాఫ్‌రూములో మిర్చీబజ్జీలు తినేదాన్ని.

పని తప్పిన మనిషికి వేషాలు తోస్తాయి. నాకూ తోచాయి.

పదిహేను రోజులకోసారి కొత్త ప్రతి ప్రింటు తీసుకుని స్కూటీ మీద జగిత్యాల వెళ్ళేదాన్ని. సార్ దాన్ని అందుకుని, తెరవకుండానే అరచేతిలో పైకీ కిందికీ ఆడించి, "గింతేనా అమ్మా?" అనేవారు. పాత ప్రతి తిరిగిచ్చేవారు. అందులో ఒక్క పెన్సిలు గీత కూడా ఉండేది కాదు. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు ఇదే తంతు. చదవని మనిషి, తూచే మనిషి. సరే, తూకమే కావాలంటే తూకమే ఇద్దామనుకున్నాను.

నా ఫైలుకు ఇంకో వరుస కలిపాను. నడిపిన ప్రతిసారీ అక్షరాన్ని వెంట్రుకవాసి పెంచు, వరుసల మధ్య సందును ఇంకో వెంట్రుకవాసి పెంచు, ఎంత పెంచావో గుర్తుపెట్టుకో. అంతే. నేను ఒక్క మాట రాయకుండానే తొంభై రెండు పేజీలు తొంభై ఆరయ్యాయి, తర్వాత నూటొకటి, తర్వాత నూట నాలుగు. సార్ చేతిలో ఆడించి, "ఊఁ, కదుల్తున్నది" అన్నారు. నేను వినయంగా తల వంచుకున్నాను. నవ్వు కనబడకుండా ఉండటానికి అంతకంటే మంచి భంగిమ లేదు.

ఈ మోసంలో నాకు భాగస్వామి కోరుట్లలో ప్రింటింగు షాపు నడిపే భాయ్. ఉద్యమం పోస్టర్లు, పెళ్ళి కార్డులు, నా సిద్ధాంతాలు, అన్నీ ఒకే యంత్రం మీద తీసేవాడు. నూట నాలుగు పేజీల ప్రతి తీస్తూ అతను ఆగి, పాతదానితో పక్కపక్కన పెట్టి చూశాడు.

"మేడం, గీ అధ్యాయం పోయినసారి గూడ గీ మాట మీదనే ఒడిసింది. మాట పెర్గలే, కాయితం పెర్గింది. ఎట్ల?"

"ఊకో భాయ్. ఎవరన్న వింటరు."

అతను కిసుక్కున నవ్వాడు. "మా అబ్బా చేత్తోని ఉర్దూ పోస్టర్లు రాసేటోడు. లైన్ల జాగ మిగిలితే అక్షరాన్ని పట్టి గట్ల పొడుగ్గ గుంజేటోడు. సూసినోళ్ళు వహ్వా అనేటోళ్ళు. మీరు గూడ గుంజున్రి. గనీ జర మెల్లగ గుంజున్రి."

మెల్లగా గుంజాలన్న సలహా మంచిదే. కానీ ఆ వారం నేను ఫైలును సర్దుతూ, పెంచమన్న వరుసను పొరపాటున మూడుసార్లు నమిలించే చోట లోపల పెట్టేశాను. అది నమిలిన ప్రతిసారీ పెంచింది. పైగా కరెంటు రెండుసార్లు పోయి రావడంతో మొదటినుంచి మళ్ళీ మళ్ళీ నడిపాను. భాయ్ ఫోను చేసి, "మేడం, కట్ట మొత్తం మింగుతున్నది, ఆపల్నా?" అని అడిగేసరికి నూట నాలుగు పేజీలు నూట నలభై తొమ్మిదైపోయాయి. అక్షరాలు ఒకటో తరగతి వాచకంలో ఉన్నంత ఉన్నాయి. మళ్ళీ తీయించే సమయం లేదు. మరునాటి నుంచి బంద్. దేవుడి మీద భారం వేసి సంచీలో పెట్టుకుని బయలుదేరాను.

మేడిపల్లి దగ్గర ఉద్యమం వాళ్ళ నిరసనగా రోడ్డు మీదే వంటావార్పు జరుగుతోంది. బస్సులు, లారీలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. నన్ను ఆపిన పెద్దమనిషికి పరిశోధన, సంతకం, రిటైర్మెంటు అని గడగడా చెప్పాను. ఆయన సాంతం విని, "మంచిగున్నదమ్మా, ముందుగాల గీ ఉల్లిగడ్డలు కొయ్యి" అన్నాడు. కోశాను. పొయ్యి అంటుకోకపోతే విసరడానికి ఏదీ దొరక్క ఒకావిడ నా సంచీలోని ప్రతిని తీసుకుని విసిరింది. నూట నలభై తొమ్మిది పేజీలు కదా, గాలి బ్రహ్మాండంగా వచ్చింది. అన్నం, పప్పు తిన్నాకే నన్ను వదిలారు.

సార్ ఆ పొగవాసన ప్రతిని చేతిలోకి తీసుకుని, "ఈసారి బాగ కష్టపడ్డవమ్మా" అన్నారు. తర్వాత ఎప్పుడూ లేనిది దాన్ని తెరిచారు. కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకుని ఒక పేజీ దగ్గర చాలాసేపు ఆగారు. "ఇది నా దగ్గర్నే ఉండనీ. ఇంకోటి తీసుకుంటివా నీకు?" అన్నారు. భాయ్ రెండు తీశాడని చెప్పి, పాతది తీసుకుని బతుకుజీవుడా అని బయటపడ్డాను.

తర్వాత సమ్మె మొదలై కాలేజీ మూతపడింది. నేను సిరిసిల్లలో మా ఇంటికి వెళ్ళాను. మా బాపు, అంటే మా నాన్న, సాంచాలు నడుపుతాడు. మిగతా ఊళ్ళు మరమగ్గం అనేదాన్ని మా ఊళ్ళో సాంచా అంటారు. నేను వెళ్ళేసరికి కరెంటు లేక సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. సాంచా ఆగితే మా బాపుకు కాళ్ళూ చేతులూ ఆడవు. ఏదో ఒకటి చేతిలో ఉండాలి. నా సంచీలోంచి రెండు ప్రతులూ తీశాడు, పాతదీ కొత్తదీ. ఆయనకు ఇంగ్లీషు రాదు కాబట్టి నేను నిశ్చింతగా చాయ్ తాగుతున్నాను.

బాపు జేబులోంచి చిన్న మడత భూతద్దం తీశాడు. గుడ్డ మీద పెట్టి అంగుళానికి ఎన్ని అడ్డపోగులు పడ్డాయో లెక్కపెట్టే అద్దం అది. పోగులు తగ్గితే అదే నూలుతో గుడ్డ ఎక్కువ పొడుగొస్తుంది, కానీ పల్చనవుతుంది. అందుకే గుడ్డ కొనేవాళ్ళు ఆ అద్దం పెట్టి చూడకుండా కొనరు. బాపు దాన్ని నా పరిశోధన మీద పెట్టాడు. మొదటి ప్రతి, రెండో ప్రతి, మళ్ళీ మొదటి ప్రతి. పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు.

"బిడ్డా, ఇందుల అంగుళానికి ఐదు లైన్లున్నయ్. ఇందుల నాలుగే ఉన్నయ్."

"గది గణితం బాపూ. గట్లనే ఉంటది."

"గణితం నాకు తెల్వది. పల్చగ నేసుడు తెలుసు. ఎన్నడన్న జేసిన్నా నేను?"

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. ఆరేళ్ళలో నా పరిశోధనను ఇంత శ్రద్ధగా చూసిన మనిషి ఇంకొకరు లేరు. ఆయనకు అందులో ఒక్క ముక్క కూడా తెలియదు. జరిగిందంతా చెప్పేశాను. సార్ చదవరని, తూస్తారని, అందుకే బరువు పెంచానని, చెప్తూ చెప్తూ ఇదంతా సార్ తప్పే అన్నట్టు ముగించాను.

బాపు అద్దం మడిచి జేబులో వేసుకున్నాడు. "అద్దం పెట్టి సూసెటోనికి పల్చటిది అమ్మజూస్తే గది ధైర్యం. సూడనోనికి ఇచ్చుడేందే? పోయి చెప్పు."

"చెప్తే సంతకం పెట్టడు బాపూ. ఆరేండ్ల పని పోతది."

"పోతే పోతది. పోయి చెప్పు."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నీ సాంచా గురించి నువ్వు చూసుకో అని అనబోయి ఆగిపోయాను. ఎందుకంటే నాలుగో అధ్యాయంలోని 'మిగిలినది సులభం' సంగతి ఆయనకు నేనింకా చెప్పనేలేదు.

వారం తర్వాత కోరుట్లకు తిరిగొచ్చి, అక్కడినుంచి జగిత్యాల దాకా స్కూటీ మీద నా ఒప్పుకోలు మాటలను గట్టిగా చదువుకుంటూ వెళ్ళాను. హెల్మెట్ లోపల బాగానే వినిపించాయి. సార్ ఇంటికి వెళ్ళేసరికి ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ఆ లావు ప్రతి, అందులో ప్రతి పేజీ అంచునా పెన్సిలు గీతలు. నేను నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపారు.

"కూసో అమ్మా. ముందుగాల నేనొకటి చెప్పాలె. షుగరు నా కండ్లకెక్కింది. ఏడాదైతున్నది. చిన్న అక్షరం కనపడ్తలేదు. ఎవ్వరికి చెప్పలే. చెప్తే నా దగ్గరున్న మీ అందర్ని ఇంకొకలకు అప్పజెప్తరని భయం. గందుకే నువ్వు తెచ్చినప్పుడల్ల చేతుల పట్టుకొని బరువు సూస్తుంటి. ఇంకేం చెయ్యను?"

నేను సంచీ కింద పెట్టి కూర్చున్నాను.

"నువ్వొక్కదానివే కనిపెట్టినవ్. సారుకు సిగ్గైతదని నోటితోని ఒక్క మాట అడగలే. తెచ్చినప్పుడల్ల ఇంతింత అక్షరం పెంచుకుంట వచ్చినవ్. పోయినసారిది మొత్తం చదివిన. ఏడాదిల మొదటిసారి ఒక పుస్తకం చదివినమ్మా." ఆయన ఆగి, పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టారు. "నాలుగో అధ్యాయంల 'మిగిలినది సులభం' అన్నవ్. సులభం కాదు. మూడు దినాలు కూసున్న. తొవ్వ దొరికింది గనీ చివరిదాక పోలేదు. ఇద్దరం కూసుంటే పోతది."

ఆ క్షణంలో ఊరుకుంటే నేను ఆ జిల్లాలోనే అతి మంచి విద్యార్థిని. ఊరుకోవాలని నాకు ఎంత ఆశ పుట్టిందో ఇప్పటికీ గుర్తుంది. కానీ సిగ్గు అంతకంటే పెద్దదైంది.

"సార్, గది మీ కోసం చెయ్యలే. పేజీలు ఎక్కువ కనపడాలని చేసిన. మీరు చదువరనుకున్న."

ఆయన కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశారు. తిడతారని ఎదురుచూస్తున్నాను. ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నారు.

"నేను చదివినట్టు ఆక్టింగు జేసిన, నువ్వు రాసినట్టు ఆక్టింగు జేసినవ్. బాగనే కుదిరినం." కాసేపటికి నవ్వు ఆగింది. గొంతు తగ్గించి అన్నారు: "ఎందుకోసం జేస్తేంది గనీ, ఆపకమ్మా. ఇది వారం కింద మంచిగ కనపడ్డది. ఇయ్యాల మసకగున్నది."

ఆపలేదు. తర్వాతి ఐదు నెలలూ ఆ ఫైలు నిజంగానే ఆయన కోసం నడిచింది. యూనివర్సిటీకి ఇవ్వాల్సిన ప్రతిని మామూలు అక్షరాల్లో వేరుగా, సార్ ప్రతిని ఆయన కంటికి ఆనే కొలతలో వేరుగా తీసేలా సర్దాను. నాలుగో అధ్యాయంలో ఆ రెండు మాటల స్థానంలో పదకొండు పేజీల నిరూపణ వచ్చింది. అందులో మొదటి సగం ఆయనదే. బంద్ ఉన్నా, బస్సుల్లేకున్నా వెళ్ళేదాన్ని. సార్ ప్రతి మొదట ఒక సంచీలో పట్టేది, తర్వాత రెండు సంచులైంది. చివర చివరికి పేజీకి తొమ్మిది వరుసలే పట్టేవి. ఆ తొమ్మిదీ ఆయన బయటికి చదివేవారు, నేను వినేదాన్ని. ఒక్కో వారం ఒక మాట దగ్గర ఆగిపోయి, నా వైపు చూడకుండా, "ఇదేందమ్మా?" అని మామూలుగా అడిగినట్టు అడిగేవారు. నేనూ మామూలుగానే చెప్పేదాన్ని.

రిటైర్మెంటుకు నాలుగు రోజుల ముందు యూనివర్సిటీ ఆఫీసులో సంతకం. నిబంధన ప్రకారం మామూలు అక్షరాల్లో ఉన్న ప్రతి, మొత్తం నూట మూడు పేజీలు. సార్ దాన్ని తూచలేదు. మొదటి పేజీ తెరిచి, పెన్ను మూత తీసి, నా వైపు కొంచెం వంగి, పక్కవాళ్ళకు వినపడకుండా అడిగారు.

"ఏడ పెట్టాలమ్మా?"

నేను ఆయన చేయి పట్టుకుని గీత మీద ఆనించాను. సంతకం గీత దాటి నా పేరు మీదికి వచ్చింది. ఇంకో కాగితం ఇమ్మంటారా అని గుమస్తా అడిగితే, వద్దన్నాను.